బ్యానర్‌లోని ఎడమ చెయ్యి

మా చెల్లి ఏం ఉద్యోగం చేస్తుందో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ అర్థం కాదు. "కంప్యూటర్‌లో బొమ్మలేస్తుంది" అని మా మేనత్త అందరికీ చెప్తూ ఉంటుంది. బొమ్మలెయ్యడం కాదత్తా, ఆ బొమ్మల మీద జనం చేత వేలు పెట్టించడం అని నేను సరిదిద్దబోతే, "అదీ ఒక ఉద్యోగమేనా!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ సంగతి అలా ఉంచండి.

మీరు ఫోన్‌లో ఏదో వార్త చదువుకుంటూ ఉంటారు. మధ్యలో ఓ పెట్టె వస్తుంది, చెప్పులు కొనమనో, జుట్టుకి రంగెయ్యమనో. మీరు విసుక్కుని దాన్ని పైకి తోసేస్తారు. ఆ పెట్టెని వాళ్ళు బ్యానర్ అంటారు. చూసినవాళ్ళలో ఎంతమంది దాన్ని నొక్కారు అన్నదాని మీదే మా చెల్లి ఉద్యోగమంతా నడుస్తుంది. వెయ్యిమంది చూస్తే ఒక్కడు నొక్కితే ఫరవాలేదట. ఆ ఒక్కణ్ణి ఇద్దరిని చెయ్యడానికే దాన్ని కూర్చోబెట్టి జీతమిస్తున్నారు.

దానికి ఆ విద్య బాగా పట్టుబడింది. బొమ్మలో మనిషి మొహం మనవైపు చూడకూడదట, బటన్ వైపు చూడాలట, అప్పుడు మన కళ్ళు కూడా అటే పోతాయట. మూడు వాక్యాలుంటే రెండు కొట్టెయ్యాలి. "ఇక్కడ నొక్కండి" అని దేబిరించకూడదు. చదివేవాడు తనలో తాను అనుకునే మాటనే బటన్ మీద రాసిపెట్టాలి. ఇవన్నీ అది అన్నం తింటూ నాకు చెప్పేది, నేను అర్థమైనట్టు తలూపేదాన్ని. ఆఫీసులో దానికి నొక్కుళ్ళమ్మ అని పేరు పెట్టారు. ఎవరి బ్యానర్ చతికిలబడినా నొక్కుళ్ళమ్మకి దణ్ణం పెట్టుకోవాల్సిందే అని వేళాకోళమాడేవారు. అది పైకి విసుక్కునేది గానీ లోపల గర్వంగానే ఉండేది. ఎందుకుండదు!

చిన్నప్పటి నుంచీ అంతే. పెద్దవాళ్ళు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పక్కన చేరి "తేలు" అనేది. అరిచేది కాదు, మెల్లగా అనేది. అరిస్తే తిడతారు, మెల్లగా అంటే లేచి చూస్తారని బడికి కూడా వెళ్ళని వయసులోనే కనిపెట్టింది దొంగపిల్ల. ఇంటిల్లిపాదీ పక్కలు దులుపుతుంటే ఇది మూల నిలబడి చూసేది. నాకు ఒళ్ళు మండి ఓ మొట్టికాయ వేసేదాన్ని.

ఇక మా మరిది, అంటే దాని మొగుడు, దానికి పూర్తిగా వేరు. నోట్లో నాలుక లేని మనిషి. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఆకాశంలోకి నిలబెట్టే క్రేన్ ఉంటుందే, దాని కొసన గాజు కేబిన్‌లో కూర్చుని దాన్ని నడిపేవాడు. పొద్దున నిచ్చెన ఎక్కితే మళ్ళీ పని ముగిశాకే దిగేవాడు. అన్నం డబ్బా పైకే. కుడి చేతి కిందుండే లివర్ కడ్డీ బరువుని ఎత్తుతుంది, దించుతుంది. ఎడం చేతి కిందది ఆ పొడుగాటి క్రేన్ చేతిని ఇటూ అటూ తిప్పుతుంది. ఆ రెండు చేతుల కిందా ఇనపరాడ్లూ సిమెంటు పలకలూ వేలాడుతుంటే, వాటి కింద జనం పని చేసుకుంటూ ఉంటారు. వాళ్ళు తలెత్తి కూడా చూడరు. నాకు మాత్రం ఆ వీధిలో పోవాల్సి వస్తే అరికాళ్ళలో చెమట్లు పట్టేవి. "నా కింద నడవడానికి భయమా వదినా?" అని నవ్వేవాడు. "నీ మీద నమ్మకమే అయ్యా, ఆ తాడు మీదే లేదు" అనేదాన్ని.

నేను వాళ్ళ పైవాటాలో ఉంటాను. వీధి చివర నాకో జిరాక్స్ షాపు ఉంది. పెళ్ళీ పెటాకులూ లేవు, కాబట్టి మా చెల్లి వంటింట్లోనే నా మకాం. వాళ్ళకి ఒక్కతే కూతురు, చిట్టి. తండ్రి ఎడం భుజం మీదే అది పెరిగింది.

ఆ మధ్య మా చెల్లి ఆఫీసుకి నరాల పరీక్షలు చేసే సెంటరు వాళ్ళ పని వచ్చింది. తెల్లకోటు వేసుకున్న డాక్టరు నవ్వుతున్న బ్యానర్ పెట్టారు, ఒక్క పురుగు కూడా నొక్కలేదు. మెషీను బొమ్మ పెట్టారు, అదీ అంతే. "నొక్కుళ్ళమ్మగారూ, ఇక మీదే భారం" అన్నాడట మేనేజరు. ఆ ఆదివారం మేం ముగ్గురం వంటింట్లో టీ తాగుతున్నాం. మా మరిది ఎడం చేత్తో గాజు గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. మా చెల్లి ఆ చేతివైపే కాసేపు చూసి, "ఏమండీ, అలాగే ఉండండి" అని ఫోన్ తీసింది.

"గ్లాసు జారిపోతున్నట్టు పట్టుకోండి. ఇంకాస్త వదులుగా. వేళ్ళు తెరవండి, ఇంకొంచెం..."

గ్లాసు జారి భళ్ళున పగిలింది. టీ అంతా నా చీర మీద. అందరం నవ్వాం, చిట్టి చప్పట్లు కొట్టింది. మా చెల్లికి మాత్రం కావలసిన ఫొటో దొరికింది. బొటనవేలి పక్కనున్న కాలిన మచ్చ ఒక్కటి చెరిపేసి, పైన రెండే మాటలు రాసింది: "గ్లాసు జారుతోందా?" కింద బటన్ మీద: "ఎందుకో చూద్దాం." నాకు చూపిస్తే, నా చేతిలో ఉన్న గరిటెని గట్టిగా పట్టుకున్నాను. ఇదేం పాడు బొమ్మే, అన్నాను. "చూశావా, పని చేస్తోంది" అంది.

నిజంగానే పని చేసింది. జనం ఎగబడి నొక్కారు. మేనేజరు దీని కుర్చీ దగ్గరికే వచ్చి చప్పట్లు కొట్టాడట. ఆ రోజు భోజనాల దగ్గర దీని కాళ్ళు నేల మీద లేవు.

"అసలు గొప్పేంటో తెలుసా అక్కా? అందరికీ చూపించం. ఎవరికి అవసరమో సిస్టమే చూసుకుంటుంది. ఏం చదువుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, వేలు ఎలా కదుపుతున్నారు, అన్నీ. మనిషికి తెలియకముందే దానికి తెలిసిపోతుంది."

మా మరిది తలెత్తాడు. "వేలు కదిపితే కూడా తెలుస్తుందా?"

"ఆఁ, తెలుస్తుంది" అంది ఇది, మంచినీళ్ళు తాగుతూ.

అదంతా వాళ్ళు క్లయింట్లకి చెప్పే గొప్పలు. ఆ మాట ఇంట్లో ఎవరైనా నమ్ముతారని దానికి తోచలేదు.

ఇంకో పని కూడా చేసింది. ఇది నాకు తర్వాత తెలిసింది గానీ, ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీకు ముందు జరగబోయేది అర్థం కాదు. మామూలు జనం చేతిలో ఉండే పాత ఫోన్‌లో తన బ్యానర్ ఎలా కనిపిస్తుందో చూసుకోవాలనుకుంది. ఆఫీసు ఫోన్లన్నీ కొత్తవి. మా మరిది ఫోన్ అద్దం పగిలిన పాత డొక్కు. అతను స్నానానికి వెళ్ళినప్పుడు అది తీసి, బ్యానర్ నొక్కి, ఆ సెంటరు పేజీలోకి వెళ్ళి నాలుగు వైపులా తిరిగి చూసింది. వాళ్ళ పనిలో ఒకసారి నొక్కితే ఆ ఫోన్‌కి గుర్తు పడిపోతుంది. వీడికి దీని మీద ఆసక్తి ఉందని లెక్క వేసుకుని, ఆ ప్రకటన ఇక ఏ పేజీ తెరిచినా వెంటపడుతుంది. అందుకే పరీక్ష చేసిన ఫోన్‌లో ఆ గుర్తులన్నీ తుడిచెయ్యాలి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అది మర్చిపోతే ఇదే చీవాట్లు పెట్టేది. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగాయి. ఫోన్ బల్ల మీద పడేసి పరిగెత్తింది, ఇక ఆ సంగతే మర్చిపోయింది.

క్రేన్ నడిపేవాళ్ళు పొద్దున లేవగానే చూసేది గాలి. ఎంత వేగంగా వీస్తుంది, ఎటునుంచి వస్తుంది అని ఫోన్‌లో చూసుకునిగాని బయల్దేరరు. మా మరిది ఆ పేజీ తెరిస్తే గాలి లెక్కల పక్కనే తన చెయ్యి. గ్లాసు జారుతోందా? మొదట నవ్వుకున్నాడట, మా ఆవిడ ప్రతాపం అని. వార్తలు తెరిస్తే అక్కడా అదే. పాటలు వినబోతే అక్కడా అదే. అప్పుడు సైట్‌లో పక్కవాళ్ళని అడిగాడు, మీకూ వస్తోందా అని. ఒకడికి బూట్లు వస్తున్నాయి, ఇంకొకడికి పెళ్ళిసంబంధాలు వస్తున్నాయి. చెయ్యి ఎవరికీ రావడం లేదు. ఒక్క తనకే వస్తోంది.

మనిషికి తెలియకముందే దానికి తెలిసిపోతుందని కట్టుకున్న పెళ్ళామే చెప్పింది కదా.

దాంతో నొక్కాడు. లోపల ప్రశ్నలు. పొద్దున లేవగానే వేళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయా? చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతోందా? అవుతోందా లేదా అని అతను గుండీలు పెట్టుకుంటూ చూసుకునేవాడు. చూసుకుంటూ పెడితే ఎవరికైనా తడబడుతుంది! అతను నొక్కినకొద్దీ అది ఇంకా ఎక్కువగా వచ్చేది.

మాకేం తెలుసు ఇదంతా. ఒకరోజు నా షాపుకి ఏదో కాగితం కాపీ తీయించుకోవడానికి వచ్చాడు. ఎడం చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"ఏమయ్యా మరిదీ, ఆ చెయ్యి దాచుకున్నావేం? ఎవరన్నా ఎత్తుకుపోతారా?"

"చలిగా ఉంది వదినా" అన్నాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ తర్వాత కనిపెట్టి చూస్తే, చిట్టిని కుడి భుజం మీదకి మార్చాడు. కొన్నాళ్ళకి అసలు ఎత్తుకోవడమే మానేశాడు. అది చేతులు చాచి నిలబడితే, నడుం నొప్పిరా అని తప్పించుకునేవాడు. టీవీ చూస్తూ చూస్తూ పిడికిలి మూసి తెరిచేవాడు, మూసి తెరిచేవాడు. చెల్లితో చెప్పాను. "పని ఎక్కువైందక్కా, అలిసిపోతున్నారు" అంది. అదే నోటితో ఇంకో మాట కూడా అంది: "మా చెయ్యి బ్యానర్‌ని ఎవరో రోజూ వచ్చి నొక్కుతున్నారట. పాపం ఎవరో గానీ, అలాంటివాళ్ళే మాకు బంగారం."

అతను ఎవరితోనూ ఎందుకు చెప్పలేదంటే, చెయ్యి తిమ్మిరెక్కుతోందని నోరు జారిన క్రేన్ ఆపరేటర్‌ని ఆ రోజే కిందకి దింపేస్తారు. ఆ కేబిన్ అంటే అతనికి ప్రాణం. అలాగని నిశ్చింతగా ఎక్కిందీ లేదు. కింద ఎవడి నెత్తిన పడేస్తానో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఈ ఒక్కరోజుకీ, ఈ ఒక్కరోజుకీ అని ఎక్కేవాడట.

ఆ రోజు షాపులో ఉన్నాను. చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, సైట్‌కి రా" అంది, అంతే, పెట్టేసింది. దాని గొంతు దానిలా లేదు. షట్టర్ సగం లాగి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి అదీ టాక్సీ దిగుతోంది, కాలికి ఒక చెప్పే ఉంది.

వీధికి అడ్డంగా తాడు కట్టేశారు. బస్సులు వెనక్కి తిప్పుతున్నారు. తలెత్తి చూద్దును కదా, ఇనపరాడ్ల కట్ట ఒకటి సైట్ గోడ దాటి సరిగ్గా వీధి మీద, కరెంటు వైర్లకి పైన వేలాడుతోంది. గాలి లేచింది. కట్టని మెల్లగా ఓసారి ఇటు తిప్పి, ఓసారి అటు తిప్పుతోంది. ఎదురుగా ఇళ్ళలోంచి జనాన్ని బయటికి తెస్తున్నారు. ఒక ముసలావిడ మంచినీళ్ళ సీసా చంకన పెట్టుకుని పైకి చూస్తూ నడుస్తోంది.

సైట్ ఇన్‌ఛార్జి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆపేశాడమ్మా. అందర్నీ పక్కకి పంపండి, నా ఎడం చెయ్యి పనిచెయ్యడం లేదు అన్నాడు. నేరుగా దించుదామంటే కింద వైర్లు. పోనీ కుడిచేత్తో తిప్పవయ్యా అంటే, కుడిది కూడా నమ్మకం లేదంటున్నాడు. ఇంకో ఆపరేటర్‌కి కబురెట్టాం, ఊరికి ఆ చివర్నుంచి రావాలి. ఈలోపు గాలి పెరిగిందంటే..."

మా చెల్లి అతని చేతిలోంచి వాకీటాకీ లాక్కుంది.

"ఏమండీ, నేనండీ."

గరగరలాడింది. తర్వాత మా మరిది గొంతు. "నువ్వెందుకొచ్చావు? దూరంగా వెళ్ళు. చిట్టి ఎక్కడుంది?"

"స్కూల్లో ఉంది. మీ చేతికేమైంది?"

"నీకు తెలీదా? నీ సిస్టమ్‌కి ఎప్పుడో తెలిసిపోయిందిగా. పొద్దున గాలి చూద్దామంటే అదే. వార్తలు తెరిస్తే అదే. నా చెయ్యే. ఇక్కడ అందర్నీ అడిగాను, ఎవరికీ రావడం లేదు. నాకొక్కడికే వస్తోంది. ముందే దిగిపోవాల్సింది నేను. తప్పు చేశాను."

మా చెల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో గుర్తొచ్చిందని నాకు అర్థమైంది గానీ ఏమిటో తెలియదు. "ఏంటే, ఏంటి?" అని దాని భుజం పట్టి కుదిపాను. నా చెయ్యి తోసేసింది.

"ఏమండీ, వినండి. అది మీకు రావడం నా వల్లే. బ్యానర్ ఎలా ఉందో చూద్దామని మీ ఫోన్‌లో నేనే నొక్కాను. నొక్కిన ఫోన్ వెంట అది పడుతుంది. తర్వాత తుడిచెయ్యాలి, మర్చిపోయాను. అంతే, ఇంకేం లేదు. దానికి మీ గురించి ఏమీ తెలీదు. అసలు మీకు చెయ్యి ఉందని కూడా తెలీదు దానికి."

"వేలు కదిపితే తెలుస్తుందన్నావు."

"గొప్పకి చెప్పానండీ. క్లయింట్లకి చెప్పే కోతలు మీకు చెప్పాను."

కట్ట ఒక చుట్టు తిరిగి, ఆగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. రాడ్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు కిందకి వినిపించింది. ఇన్‌ఛార్జి మమ్మల్ని వెనక్కి జరగమని రెక్క పట్టి లాగుతున్నాడు. నేను జరిగాను, సిగ్గులేకుండా చెప్తున్నాను, నా ప్రాణం నాకు తీపి. అది జరగలేదు. సరిగ్గా ఆ కట్ట వైపే మొహం పెట్టి నిలబడింది.

"నిజమేనా?" అన్నాడు మా మరిది.

"నిజం." మా చెల్లి అరవలేదు. ఏడవలేదు. పక్కన కూర్చున్నవాడితో చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "మీ చెయ్యి బాగుంది. లివర్ మీద పెట్టండి. ఇది దించాక ఇంటికెళ్దాం."

కాసేపు ఏమీ కదల్లేదు. నేను కళ్ళు మూసేసుకున్నాను. పక్కన ఎవరో "తిరుగుతోంది, తిరుగుతోంది" అంటే తెరిచాను. క్రేన్ చెయ్యి కొద్దికొద్దిగా సైట్ వైపు జరుగుతోంది. కట్ట కూడా దాని వెంట ఊగుతూ వైర్లు దాటింది, గోడ దాటింది. దుమ్ము లేపుతూ నేల మీద కూర్చుంది. అందరూ ఒక్కసారి కేకలేశారు. నేను అక్కడే ఇసకలో కూలబడ్డాను.

మా మరిది నిచ్చెన దిగి రావడానికి చాలాసేపు పట్టింది. దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి మా చెల్లి పక్కన నిలబడ్డాడు. అది అతని ఎడం చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. సూదులు గుచ్చి చూశారు, కరెంటు పెట్టి చూశారు, మెడ ఫొటోలు తీశారు. "నా చెయ్యి కంటే మీ చెయ్యే బాగుంది, భయం తప్ప మరే జబ్బూ లేదు" అని డాక్టరు నవ్వుతూ పంపించాడు. సైట్ వాళ్ళు కూడా మంచివాళ్ళే, విశ్రాంతి తీసుకుని వచ్చెయ్యమన్నారు. మా చెల్లి అతని ఎదురుగానే కూర్చుని ఫోన్‌లో ఉన్న గుర్తులన్నీ తుడిచి చూపించింది. నిజంగానే చెయ్యి పోయి, ఎవరివో బూట్లు రావడం మొదలైంది.

ఆఫీసులో మాత్రం అది అంత తేలిగ్గా తెగలేదు. బ్యానర్ తీసేద్దామంటే మేనేజరు ఒప్పుకోలేదు. ఇంత బాగా నడుస్తున్నదాన్ని ఎవరైనా ఆపుకుంటారా అన్నాడట. చివరికి మా మరిది చెయ్యి తీసి ఇంకెవరి చెయ్యో పెట్టారు. "ఆ ముదనష్టపు ఉద్యోగం మానెయ్యవే" అని గొంతు చించుకున్నాను. "మానేస్తానక్కా, ముందు ఆయన్ని పనిలోకి వెళ్ళనీ" అంది.

మా మరిది రేపు వెళ్తాను, రేపు వెళ్తాను అంటూనే ఉన్నాడు. మేం తొందరపెట్టలేదు. చివరికి ఒక పొద్దున, నేను చిట్టిని స్కూల్లో దింపుదామని కిందకి వచ్చేసరికి, అతను పని బట్టలు తొడుక్కుని, బూట్లు వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య, బయల్దేరావా మహానుభావా!" అన్నాను.

అతను నావైపు చూడలేదు. మా చెల్లివైపు తిరిగాడు. "ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. ఆ రోజు వాకీటాకీలో చెప్పావే, నేనే నొక్కాను, అందుకే వస్తోంది అని. అది నిజమేనా? నన్ను దించడానికి చెప్పావా?"

"అదేం మాటండీ! నిజం. చిట్టి మీద ఒట్టు. మీ ముందే తుడిచాను కదా, రావడం ఆగిపోలేదూ?"

"ఆగిపోయింది. ఇప్పుడు నిజంగా ఏదన్నా మొదలైతే నాకెవరు చెప్తారు?"

"డాక్టరు చెప్పాడు కదా ఏమీ లేదని."

"ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది కూడా నువ్వేగా." అతని గొంతులో కోపం లేదు. అదుంటే బాగుండేది, నేనే అడ్డం పడి నాలుగు చీవాట్లు పెట్టేదాన్ని. "ఆ రోజు నువ్వు చెప్పగానే నా చెయ్యి కదిలింది. అప్పటిదాకా చచ్చుబడి ఉన్నది, నువ్వు మాట అనగానే కదిలింది. నాకు దాంతోనే భయంగా ఉంది. నిజమైనా కదిలేదే, అబద్ధమైనా కదిలేదే. నువ్వు చెప్పేదాంట్లో ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?"

మా చెల్లి ఏదో అనబోయింది. ఆగిపోయింది. ఏమన్నా అనవే, నీకు మాటలకేం కరువే అని నాకు అరవాలనిపించింది. అప్పుడు దాని మొహం చూశాను. నిజమైనా అబద్ధమైనా తను నమ్మేలాగే చెప్తుందని దానికీ తెలిసిపోయింది.

మా మరిది అన్నం డబ్బా గట్టు మీద పెట్టాడు. గడప మీద కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. రెండు చేతులతోనూ, ముడులు ఒక్కొక్కటే, ఎక్కడా తడబడకుండా విప్పాడు.